మా వీధిలో సంఘం లేనివాణ్ణి నేనొక్కణ్ణే

మొన్న తిరుపతి బైరాగిపట్టెడలో టీ బంకు దగ్గర ఒకాయన పరిచయమయ్యాడు. పేరుకన్నా ముందు పదవి చెప్పాడు. జిల్లా ఉపాధ్యక్షుడట. దేనికని అడగడం మర్యాద కాదు కనక అడగలేదు. "మీరు సామీ?" అన్నాడు. పేరు చెప్పాను. "అది సరే, దేంట్లో ఉండారు?" అన్నాడు. దేంట్లోనూ లేనన్నాను. రేషన్ కార్డు లేనివాణ్ణి చూసినట్టు ఒక చూపు చూసి, నా టీ డబ్బులు కూడా తనే ఇచ్చేసి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పడుకుని లెక్క వేసుకున్నాను. ఎదురింటాయన పెన్షనర్ల సంఘంలో కోశాధికారి. పక్కింటి కుర్రాడు ఆటో స్టాండు యూనియన్ కార్యదర్శి. మా పై వాటాలో హైస్కూలు మాస్టారిది ఒక ఉపాధ్యాయ సంఘం, వాళ్లావిడది ఇంకో ఉపాధ్యాయ సంఘం. అందుకే ఆ ఇంట్లో పాలవాడి లెక్క రెండు డైరీల్లో ఉంటుంది, రెండూ కలవవు. మూలింటాయన ఏ పనీ చేయడు గానీ, కార్తీక మాసం వస్తే ఆయన కులసంఘం వనభోజనాలకు ఇద్దరు ఎమ్మెల్యేలు వచ్చి వడ్డిస్తారు.

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి జిల్లా పుట్టినప్పుడు, కలెక్టరాఫీసు దగ్గరయిందని మేమంతా సంతోషపడ్డాం. అసలు ప్రగతి నాకు ఇప్పుడు కనబడుతోంది. అంతకుముందు ప్రతి సంఘానికీ జిల్లా అధ్యక్షుడు ఒక్కడే. ఇప్పుడు చిత్తూరుకొకడు, తిరుపతికొకడు. వాళ్ల వెనకాలే ఉపాధ్యక్షులు, కార్యదర్శులు, ఫ్లెక్సీల్లో సగం సైజు ఫొటో మాత్రమే దక్కే కార్యవర్గ సభ్యులు. ఖజానా మీద పైసా భారం లేకుండా ఇన్ని పదవులు పుట్టించిన పథకం నాకు తెలిసి ఇంకోటి లేదు.

నాయకుడు ఎలా తయారవుతాడో తెలియాలంటే మా తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడాలి. అందులో రోజుకొక వేషం. మొదట బైరాగి, మర్నాడు బండ వేషం, ఇంకో రెండు రోజులకు దొర. సంఘ నాయకుడిదీ అదే వరస. మొదట్లో అతను బైరాగే. పోస్టర్లు సొంత డబ్బుతో వేయిస్తాడు, ఆఫీసులకు నడిచి పోతాడు. తర్వాత బండ వేషం. జాతరలో ఆ వేషగాడు ఎవర్ని తిట్టినా తప్పు పట్టరు కదా, ఇతనూ మైకు పట్టుకుని కమిషనర్ మొదలు లైన్‌మన్ దాకా అందర్నీ దులిపేస్తాడు. వాళ్లూ నవ్వుతూ వింటారు, సాయంత్రం ఇద్దరూ ఒకే పెళ్లిలో కనబడతారు. దొర వేషం కట్టాడంటే మాత్రం ఇక మన ఫోను ఎత్తడు.

మాస్టార్ల సంగతి వేరు. మిగతావాళ్లు పలుకుబడి కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి, వాళ్లకు రాజ్యాంగమే కుర్చీ వేసి పెట్టింది. 171వ అధికరణం లెక్కన శాసనమండలిలో పన్నెండో వంతు ఉపాధ్యాయులు ఎన్నుకునేవాళ్లు. మన 58 మంది మండలిలో ఆ వాటా ఐదు. ఇంకో ఐదు పట్టభద్రులవి. 1985లో మండలిని రద్దు చేశారు, 2007లో మళ్లీ వచ్చింది. 2020లో మళ్లీ రద్దుకు తీర్మానం చేసి 2021లో దాన్నే వెనక్కి తీసుకున్నారు. బెంచీ ఎక్కించినా, బయట నిలబెట్టినా తిరిగి క్లాసులోకొచ్చే పిల్లాడిలాంటిది అది. మా పై వాటా మాస్టారికి ఎమ్మెల్యే ఓటు, ఎంపీ ఓటు, కార్పొరేటర్ ఓటు, టీచర్ల ఎమ్మెల్సీ ఓటు, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు ఉన్నాయి. ఆయన కుళాయిలో నీళ్లు రాకపోతే ఐదుగురికి దాహం వేస్తుంది. కింద వాటాలో నా కుళాయికి ఆ ఐశ్వర్యం లేదు.

ఇక కార్మిక సంఘాలు. వాటికి పార్టీ పుట్టుమచ్చ లాంటిది. 1920లో పుట్టిన ఏఐటీయూసీ, 1947 నాటి ఐఎన్‌టీయూసీ, 1955 నాటి బీఎంఎస్, 1970 నాటి సీఐటీయూ, ఏ జెండా చూసినా వెనక ఎవరున్నారో తెలిసిపోతుంది. మా ఆటో స్టాండు ఇంకొక అడుగు ముందుకేసింది. అక్కడ జెండా చూస్తే ప్రభుత్వం ఎవరిదో తెలుస్తుంది. 2019లో ఒక రంగు, 2024లో ఇంకో రంగు. రేకు బోర్డు మాత్రం మారలేదు. గోరుతో గీకితే పొరలు పొరలుగా రాష్ట్ర చరిత్ర ఊడొస్తుంది. విశ్వవిద్యాలయం వాళ్లెవరూ ఇటువైపు చూడటం లేదు గానీ ఒక పీహెచ్‌డీకి సరిపోతుంది.

కానీ వాళ్లను తీసిపారేయలేం. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైంది. ఆటోలు ఖాళీగా తిరుగుతున్నాయని గోల మొదలైంది. అక్టోబరు 4న ఆటో డ్రైవర్ల ఖాతాల్లో 15,000 రూపాయల చొప్పున వేయడం మొదలుపెట్టారు. పక్కింటి కుర్రాడు స్వీటు బాక్సు తెచ్చిచ్చాడు. నేను ఆడదాన్ని కాను, ఆటో డ్రైవర్నీ కాను. బస్సులో నా సీటు పోయింది, ఆటోలో చార్జీ తగ్గలేదు. స్వీటు మాత్రం బాగుంది.

ఇదంతా గొంతున్నవాళ్ల కథ. గొంతుతో పని లేనివాళ్లు వేరే ఉన్నారు.

2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజుకు తొమ్మిది గంటల పనిని పది గంటలు చేయడానికి ఒప్పుకుంది. ఆ పదో గంట కావాలని ఎవరు పోరాడారో తెలుసుకుందామని ఊరంతా తిరిగాను. నాలుగు కాళ్ల మండపం దగ్గర షామియానా లేదు. ఆర్డీవో ఆఫీసు ముందు రిలే నిరాహార దీక్ష లేదు. ఎవరూ ఎవరికీ నిమ్మరసం తాగించలేదు. అడిగినవాళ్లు ఏ ఏసీ గదిలోనో కాఫీ తాగుతూ అడిగి ఉంటారు. వద్దన్నవాళ్లు మాత్రం జూలై 9న దేశవ్యాప్త సమ్మెలో రోడ్డెక్కారు. సమ్మె ఒక్కరోజు. పదో గంట రోజూ.

అదే జూలై 9న చిత్తూరు జిల్లా బంగారుపాళెం మామిడి మార్కెట్‌కు మాజీ ముఖ్యమంత్రి వచ్చారు. ఆ ఏడు తోతాపురి కాయ కాసింది చూడండి, చెట్టుకు బరువు, రైతుకు బరువు. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది, మొత్తం 12 అన్నారు అధికారులు. పక్క రాష్ట్రాల కాయ జిల్లాలోకి రాకూడదన్నారు. ప్రభుత్వం ఇంత చెప్పినా ఆ ఎనిమిదీ చాలామంది చేతికి రాలేదు. ట్రాక్టర్లు ఫ్యాక్టరీల బయట బారులు తీరాయి, కాయ బండి మీదే మాగింది. నాకు వింతగా తోచిందల్లా ఒకటే. జిల్లాలో మామిడి రైతులందరినీ ఒకచోట కూర్చోబెట్టాలంటే ఏ మైదానమూ చాలదు. గుజ్జు ఫ్యాక్టరీల యజమానులైతే ఒక కల్యాణమండపంలో ఒకే బంతిలో పట్టేస్తారు. ఒక బంతిలో పట్టేవాళ్లకు జెండా ఎందుకు? పప్పు వడ్డించేలోపు ధర మాట్లాడుకోవచ్చు. రైతుకు జెండా ఉంది, నినాదం ఉంది, కాయే ఆగదు.

మా ఊళ్లో అన్ని పలుకుబడులూ చివరికి ఒక కాగితం దగ్గరికే వస్తాయి. దాన్ని సిఫార్సు లేఖ అంటారు. ఎంత పెద్ద ఉద్యమకారుడైనా బావమరిది కుటుంబంతో సహా దిగితే కొండ మీద వీఐపీ బ్రేక్ దర్శనం లెటర్ కోసం వెతుక్కోవాల్సిందే. ఎన్నికల కోడ్ వచ్చి లేఖలు చెల్లవన్న రోజుల్లో మా ఊరి నాయకుల ఫోన్లు ఎంత ప్రశాంతంగా ఉంటాయో చెప్పలేను. కొందరికి లేఖ కూడా చాలదు, కుర్చీ కావాలి. 2021లో దేవస్థానం బోర్డుకు తోడు 50 మంది ప్రత్యేక ఆహ్వానితులను వేస్తే హైకోర్టు ఆ జీవోను నిలిపేసింది. స్వామివారు పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసినప్పుడు కూడా ఇంతమంది సాక్షులు లేరు.

ఇవన్నీ ఆలోచించి, సంఘం లేనివాళ్లకు ఒక సంఘం పెడదామని నిశ్చయించాను. చట్టం దయ కలది. కార్మిక సంఘం పెట్టాలన్నా, సొసైటీగా రిజిస్టర్ చేయాలన్నా కనీసం ఏడుగురు కావాలంటుంది. ఏ సంఘంలోనూ లేని ఏడుగురిని తిరుపతిలో పట్టుకోవడానికి నెల పట్టింది. ఒకాయనను చేర్చుకున్నాక తెలిసింది, ఆయన వాకింగ్ మిత్రుల సంఘం గౌరవ సలహాదారు. తీసేశాం. ఎట్టకేలకు ఏడుగురం కుదిరాం. ఫుట్‌పాత్ మీద నడవనివ్వాలి, ఆటోలకు మీటర్ ఉండాలి, కింద వాటాలకూ నీళ్లు రావాలి, ఇలా పదకొండు డిమాండ్లతో వినతిపత్రం రాసి ఒక ప్రజాప్రతినిధి ఆఫీసుకు పోయాం. ఫొటో కోసం ఏడుగురమూ కాగితాన్ని తలా ఒక మూల పట్టుకున్నాం. కాగితానికి నాలుగే మూలలని అప్పుడు గుర్తొచ్చింది.

పీఏ చాలా మంచివాడు. "ఎన్ని ఓట్లుండాయి సామీ మీ సంఘంలో?" అన్నాడు.

"ఏడు."

వినతిపత్రం తీసుకుని, చదవకుండానే ఫైల్లో పెట్టాడు. "దర్శనానికి లెటరేమైనా కావాల్నా?"

మేం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. డిమాండ్లలో అది లేదు. అయినా ఎవరూ వద్దనలేదు.

"ఒక లెటర్ మీద ఆరుగురే," అన్నాడు.

"మేము ఏడుగురం కదన్నా."

"అది మీరూ మీరూ చూసుకోండి."

ఆ చూసుకోవడం ఇంకా నడుస్తోంది. ఏడో ఆయన మా నిరంకుశత్వాన్ని ఖండిస్తూ రాజీనామా చేశాడు. కొత్త సంఘం పెడుతున్నాడట. నిన్న ఫోన్ చేసి, అందులో జిల్లా ఉపాధ్యక్ష పదవి ఖాళీగా ఉందని చెప్పాడు.

ఆలోచించి చెబుతానన్నాను.