బావ క్యారవానూ, అమెరికా రెగ్యులేటరూ

మా బావ పోయిన సంక్రాంతికి పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొన్నాడు, సీట్లన్నీ పీకించేసి మంచం, సింకు, రెండు బర్నర్ల పొయ్యి పెట్టించి దానికి క్యారవాన్ అని పేరెట్టి విజయనగరంలో కనిపించినోళ్ళందరికీ తలుపు తీసి మరీ చూపించాడు. ఇంక చింతపల్లి బీచ్‌కెళ్ళి అందులో కాఫీ కాచుకు తాగడమే తరువాయి.

రెగ్యులేటర్ దగ్గర ఆగిపోయాం.

టెక్సాస్‌ నుంచొచ్చిన వాళ్ళ తమ్ముడు తన ఆర్వీలో (అంటే అక్కడి క్యారవాన్ బండిలో) తీసేసిన పాతదొకటి సూట్‌కేసులో పడేసి తెచ్చాడు. "అన్నయ్యా, ఇది టూ స్టేజ్. సిలిండర్లో ప్రెషర్ ఎంతున్నా మొదట 10 పీఎస్ఐకి దించుద్ది, తర్వాత 11 అంగుళాలకి."

"అంగుళాలేటిరా, గ్యాసుని టేపెట్టి కొలుస్తారేటి?" అంది అత్తయ్య.

గొట్టంలో నీళ్ళని 11 అంగుళాలు పైకి తొయ్యగల ఒత్తిడమ్మా అని వాడు చెప్తుంటే ఆవిడ "ఓహో, నీళ్ళ మోటారా" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తీరా చూస్తే అమెరికా దానికి మరలున్నాయి, మన ఎర్ర సిలిండర్ మూతికి మరల్లేవు, టక్కుమని నొక్కి కూర్చోబెట్టడమే కదా. అయినా బావ కుడికి తిప్పాడు, వాళ్ళ దేశంలో పాతవాటికి రివర్స్ మరలుండేవని తమ్ముడు నోరు జారితే ఆ ఆశతో ఇంకో అరగంట ఎడమకి తిప్పాడు.

తర్వాత మూడు లాంతర్ల దగ్గర షాపు. ఆయన పాపం "దేనికి బాబూ?" అనే అడిగాడు. పొయ్యికి అనొచ్చుగా, "పెద్ద బండికి" అన్నాడు మా బావ. హోటల్ భట్టీలకి పెట్టే హై ప్రెషర్‌ది చేతికొచ్చింది.

అగ్గిపుల్ల గీశాడు. సుయ్యిమంది. మంట గిన్నె దాటి పైకి లేచింది, అక్క పరిగెత్తి సిలిండర్ దగ్గరే కట్టేసింది కాబట్టి సరిపోయింది గానీ బావ మీసం ఒకపక్క పొట్టిదైపోయింది. (గ్యాస్ గాలి కన్నా బరువు, కిందకి దిగుద్ది అని బండి అడుగున కన్నాలు మాత్రం ముందే పెట్టించాడు, ఆ మాట ఒప్పుకోవాలి.)

అక్క ఏం మాట్లాడలేదు. వంటింట్లో రెగ్యులేటర్ పీకి తెచ్చింది, టక్, సబ్బునీళ్ళు రాసింది, బుడగలు రాలేదు, వెలిగిస్తే నీలంగా బుద్ధిగా మంట. తమ్ముడు దాన్ని అటూ ఇటూ చూసి "30 మిల్లీబార్ వదినా, అంటే 12 అంగుళాలు, దాదాపు మా బండి లెక్కే" అన్నాడు. బావ మిగిలిన మీసం తడుముకున్నాడు.

బీచ్‌లో గాలికి మంట మూడుసార్లు ఆరిపోయింది, తలుపేసి కిటికీ ఓరగా తీసి ఎలాగో డికాక్షన్ కాచాం. గ్లాసు నోటి దాకా వచ్చిందో లేదో, అత్తయ్య ఫోను.

"ఒరే, పప్పు కడిగి కుక్కర్లో పోసి అరగంటయింది. సిలిండర్ మూతి బోసిగా ఉందేటి?"

బావ ఫోను అక్క చేతిలో పెట్టి సముద్రం చూడ్డానికి బండి దిగిపోయాడు.