పన్నెండున్నరకి మీటింగ్ పెట్టకండి

పారిస్‌లో తెలుగువాళ్లు నలుగురు కలిస్తే పిల్లల చదువుల తర్వాత తప్పకుండా వచ్చే మాట ఒకటుంది: "ఈ ఫ్రెంచివాళ్లు ఓ పట్టాన కలవరండీ. ఎన్నేళ్లు పక్క సీట్లో కూర్చున్నా బోంజూర్ దగ్గరే ఆగిపోతారు." అలా అనేవాళ్లు మధ్యాహ్నం ఎక్కడ తింటున్నారో అడిగి చూడండి. చాలామంది సీటు దగ్గరే, ఓ చేత్తో చెంచా, ఇంకో చేత్తో మౌసు. ఆ ఫిర్యాదుకీ ఈ క్యారేజీకీ సంబంధం ఉందనే నేనంటాను.

పారిస్ పక్కన ఆఫీసు టవర్లుండే లా దెఫాన్స్‌లో పన్నెండుంపావు దాటితే టవర్ల లిఫ్టులన్నీ కిందికే. క్యాంటీన్ క్యూలో డైరెక్టరూ, నిన్న చేరిన ట్రైనీ ట్రేలు పట్టుకుని ఒకరి వెనక ఒకరు నిలబడతారు. ముందు ఓ సలాడ్, తర్వాత అసలు వంటకం, ఆపైన చీజ్ ముక్కో తీపో. బల్ల దగ్గర అందరూ సర్దుకుని కూర్చునేదాకా ఎవరూ ఫోర్కు ఎత్తరు. "బోన్ అపెతీ", అంటే హాయిగా తినండి, అనుకున్నాకే మొదలు. తిన్నాక కాఫీకి మళ్లీ వేరే చోటికి. మొత్తం మీద గంట, శుక్రవారమైతే ఇంకాస్త. క్యాంటీన్ లేని కంపెనీలు చాలావరకు భోజనం కార్డు ఇస్తాయి. అందులో సగం నుంచి అరవై శాతం దాకా కంపెనీయే భరిస్తుంది, రోజుకి 25 యూరోల వరకు వాడుకోవచ్చు. మనవాళ్లు ఆ కార్డుతో సూపర్ మార్కెట్లో బియ్యం, పెరుగు కొనుక్కొచ్చి, సోమవారం మళ్లీ సీటు దగ్గరే బాక్సు విప్పుతారు!

అసలు పనిచేసే చోట భోజనం చేయడాన్ని ఇక్కడి కార్మిక చట్టమే ఒప్పుకోదు. 1894 నాటి నిబంధన అది. ఫ్యాక్టరీల్లో దుమ్మూ విషపు ఆవిరులూ తిండిలోకి చేరకుండా, ఆ గంటసేపైనా మనుషుల్ని బయటికి పంపి కిటికీలు తెరవాలని పెట్టారు. కోవిడ్ రోజుల్లో, 2021 ఫిబ్రవరిలో, ప్రభుత్వం దాన్ని తాత్కాలికంగా సడలిస్తే అదే పెద్ద వార్తయింది. మీ డెస్కు దగ్గరికి ఇన్‌స్పెక్టర్ ఎవరూ రారనుకోండి. కానీ మీరు ఒక్కరే మిగిలిపోయారని పక్కవాళ్లకి తెలుస్తుంది, మొదట్లో రెండుమూడుసార్లు పిలుస్తారు, తర్వాత మానేస్తారు.

ఆ బల్ల దగ్గరే కదా అన్నీ తెలిసేది. ఏ ప్రాజెక్టు మూలనపడబోతోందో, ఎవరు టీమ్ మారుతున్నారో, కొత్త బాస్‌కి ఏది నచ్చదో మెయిల్‌లో ఎవరూ రాయరు. 'వూ' (మన 'మీరు') అంటూ దూరంగా ఉన్న పెద్దమనిషి 'తూ' (మన 'నువ్వు') అనుకుందామా అని అడిగేదీ ఎక్కువగా అక్కడే. వాళ్ల మాటలు ఎక్కువగా సెలవుల గురించి, సమ్మెల గురించి, తింటూ తింటూనే రాత్రి ఏం వండాలన్నదాని గురించి. మీరు చెప్పినదానికి "మే నో" (అబ్బే, కాదు) అని అడ్డం తగిలితే కోపం వచ్చిందనుకోకండి, మీ మాట పట్టించుకున్నారన్నమాట. జీతమెంత, ఇల్లు ఎంతకి కొన్నారు అన్న రెండు ప్రశ్నలు మాత్రం నోట్లోంచి రానివ్వకండి. మనకి అవి పలకరింపులే, వాళ్లకి సోదా చేసినట్టుంటుంది.

శాకాహారుల ఇబ్బంది నిజమే. సలాడ్ అని తెచ్చుకుంటే అందులోనూ పంది మాంసం ముక్కలు, మూస్ అనే తీపిలో జంతువుల నుంచి తీసే జెలటిన్. అలాంటప్పుడు బాక్సే తీసుకెళ్లండి, మైక్రోవేవ్ ఉన్న గదిలో అందరితో కూర్చుని తినండి. పులిహోరకి ముక్కు మూసుకునేవాళ్లని నేను చూడలేదు, ఎండుచేపలు మాత్రం ఇంటికే పరిమితం చేద్దాం. గడగడా మాట్లాడే ఫ్రెంచి అర్థంకాక మొదట్లో బల్ల దగ్గర బొమ్మలా కూర్చోవలసి వస్తుంది, అదీ నిజమే. కానీ వారానికి రెండు సాయంత్రాలు క్లాసులో నేర్చుకునేదానికంటే ఆ బల్ల దగ్గరే ఎక్కువ వస్తుంది.

నేను ఒప్పుకోని సాకు ఒక్కటే, హైదరాబాద్ టీమ్‌తో కాల్. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండంటే అక్కడ చలికాలంలో నాలుగున్నర, ఎండాకాలంలో మూడున్నర. అక్కడివాళ్లు ఇంటికెళ్లేలోపు మాట్లాడాలంటే అదే మంచి సమయం, అందుకని మనమే పన్నెండున్నరకి పెడతాం. ఫ్రెంచి సహోద్యోగులు రాకపోతే "పనంటే లెక్కలేదు" అని మనమే అంటాం. పదికి పెట్టండి. అక్కడ అప్పుడు మధ్యాహ్నమే, ఎవరికీ నష్టం లేదు.

ఇళ్లకి పిలిచినప్పటి మర్యాదలు ఇక్కడున్నవాళ్లకి చాలావరకు తెలిసినవే. పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెళ్లడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, కాకపోతే గంటన్నర కాకూడదు. ఒక్క చామంతుల సంగతి మాత్రం చెప్పాలి. దీపావళి రోజుల్లో ఇక్కడి పూల దుకాణాలు చామంతి కుండీలతో నిండిపోతాయి. నవంబర్ 1న సమాధుల మీద పెట్టడానికి వాళ్లు కొంటారు, పూజకి మనం కొంటాం. అవి మాత్రం ఎవరింటికీ భోజనానికి పట్టుకెళ్లకండి.

ఇక్కడి మన తెలుగు సంఘం కొత్తగా వచ్చినవాళ్లకి ఇచ్చే చిన్న పుస్తకంలో నివాస అనుమతి ఇచ్చే ప్రిఫెక్చర్ ఆఫీసు కాగితాల సంగతుంది, మెట్రో, బస్సులకి వాడే నావిగో పాసు సంగతుంది, బియ్యం ఎక్కడ దొరుకుతాయో కూడా ఉంది. మధ్యాహ్న భోజనం గురించి ఒక్క ముక్క లేదు. ఉగాదికి కొత్తది అచ్చువేస్తామంటున్నారు కాబట్టి ఆ పేజీ నేను రాసిస్తాను. బ్రెడ్డు ట్రే మీద ఎక్కడ పెట్టాలో బొమ్మ వేసిపెట్టేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.