ఎంబీఏ ప్రాజెక్టు తీసేయడం కాదు, నిజంగా చేయించండి

ఎంబీఏలో ఏం మార్చాలి అని ఎక్కడ మాట వచ్చినా మనవాళ్లు ముందుగా అనేది ఒకటే: "ఆ ప్రాజెక్టు తీసిపారేసి, దాని బదులు ఏఐ పెట్టండి, డిజిటల్ మార్కెటింగ్ పెట్టండి." నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ రెండేళ్లలో పిల్లలకి నిజంగా పనికొచ్చేది ఏదైనా ఉందంటే అది ప్రాజెక్టే. దాన్ని చేయించకుండానే చేసినట్టు రాసుకుంటున్నారు. నా కోపమంతా అక్కడే.

కోర్సు సంగతి తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు రాసి బీకాం వాళ్లూ, బీఎస్సీ వాళ్లూ, బీటెక్ వాళ్లూ ఒకే క్లాసులోకి వస్తారు. అందుకే మొదటి ఏడాది అందరికీ ఒకే సబ్జెక్టులు: అకౌంటింగ్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, ఫైనాన్స్, మార్కెటింగ్, హెచ్ఆర్, ఆపరేషన్స్. వేసవిలో ఇంటర్న్‌షిప్. రెండో ఏడాది స్పెషలైజేషన్లు, చివర్లో ప్రాజెక్టు, దాని మీద వైవా, అంటే నోటి పరీక్ష. నాగార్జున యూనివర్సిటీ అయినా, జేఎన్‌టీయూ కాకినాడ అయినా చట్రం దాదాపు ఇదే. ఈ వరుస ఎవరో ఊరికే పెట్టింది కాదు. బ్యాలెన్స్ షీట్ చదవడం రాకపోతే ఫైనాన్స్ ఎక్కదు. స్టాటిస్టిక్స్ రాకపోతే సర్వే చేసినా లెక్క తేల్చలేరు. నేర్చుకున్నదంతా ఒక్కచోట వాడి చూపించాల్సింది ప్రాజెక్టులో. దాన్ని తీసేస్తే మిగిలేది పరీక్షకి ముందు రాత్రి బట్టీ పట్టడమే.

నేను గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాను. ఉద్యోగానికి వచ్చే ఎంబీఏ పిల్లలతో ముందు మాట్లాడేది నేనే. మొన్నామధ్య ఒక అబ్బాయి వచ్చాడు. మాట మంచిగా ఉంది, మనిషి మర్యాదస్తుడు. వర్కింగ్ క్యాపిటల్, అంటే వ్యాపారం రోజువారీ నడవడానికి కావాల్సిన డబ్బు, దాని మీద ప్రాజెక్టు అని బంగారు అక్షరాల బైండింగు చేతిలో పెట్టాడు. తిరగేస్తే సర్టిఫికెట్ పేజీలో అతని పేరు, కృతజ్ఞతల పేజీ చివర ఇంకెవరి పేరో. "సరుకు కొన్న రోజు నుంచి డబ్బు చేతికొచ్చేదాకా ఈ కంపెనీలో ఎన్ని రోజులు పడుతుంది బాబూ?" అని అడిగాను. తలదించుకున్నాడు. కాసేపటికి "జిరాక్స్ షాపులో ఇచ్చారు సార్, మా క్లాసులో చాలామంది అక్కడే తీసుకున్నారు" అన్నాడు.

నాకు ఆ అబ్బాయి మీద కోపం రాలేదు. పెద్ద కంపెనీ లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ ఉంటేనే ప్రాజెక్టు ఒప్పుకుంటామని కాలేజీ అంటుంది. ఊరి పిల్లాడికి ఆ కంపెనీ గేటు ఎవరు తీస్తారు? ఒక్కో గైడ్ నెత్తిన బోలెడంత మందిని పెడతారు, ఆయన మాత్రం ఏం చదువుతాడు? వైవాకి వచ్చినాయన టైటిల్ అడిగి, రెండు పేజీలు తిప్పి సంతకం పెడతాడు. ఇంతమంది కళ్లు మూసుకున్నాక పిల్లాడొక్కడినే దొంగ అనడం అన్యాయం. ఆ బైండింగుకి పోసిన డబ్బు వాళ్ల నాన్న పొలంలో సంపాదించింది. అది తలచుకుంటేనే కడుపు మండుతుంది.

అసలు మన ఊళ్లో ప్రాజెక్టుకి కరువేంటండీ? మిర్చి యార్డు మన ఊళ్లోనే ఉంది కదా! రైతు తేజ రకం మిర్చి ఏప్రిల్‌లోనే అమ్ముకోవాలా, ఏసీలో (కోల్డ్ స్టోరేజీని మేం అలాగే అంటాం) పెట్టి అక్టోబరు దాకా ఆగాలా? ఆగితే టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, అద్దె కట్టాలి, బాండు (సరుకు పెట్టినందుకు ఏసీ వాళ్లిచ్చే రసీదు) మీద తెచ్చిన లోనుకి వడ్డీ కట్టాలి, తరుగు పోవాలి. ఇవన్నీ పోను రేటు ఎంత పెరిగితే గిట్టుబాటు? చైనా ఆర్డర్లు తగ్గి రేటు పడిపోతే ఆ లోను సంగతేంటి? క్లాసులో ఇన్వెంటరీ ఖర్చు, బ్రేక్ ఈవెన్, రిస్క్ అని చెప్పేవి ఇవే. పాత సీజన్ల రేట్లు తీసుకుని, పదిమంది రైతుల దగ్గర కూర్చుని ఈ లెక్క తేల్చిన పిల్లని నేను ఇంటర్వ్యూ కూడా చేయను, ఆ రోజే చేర్చుకోమని మా ఓనర్‌తో చెప్తాను.

బెజవాడ పిల్లలకి ఆటోనగర్ ఉంది. లారీ బాడీ కట్టే షెడ్డులో ఒక్క వారం నిలబడితే వడ్రంగం, వెల్డింగ్, పెయింటింగ్ ఏది ఆగితే మిగతావన్నీ ఆగిపోతున్నాయో కళ్లారా కనిపిస్తుంది. పుస్తకంలో క్రిటికల్ పాత్ అని గీతలు గీయించేది దీని గురించే. బట్టల మార్కెట్ వస్త్రలతలో హోల్‌సేల్ షాపుకి వెళ్తే ఊళ్ల దుకాణాలకి అరువిచ్చిన డబ్బు ఎన్నాళ్లకి తిరిగొస్తుందో ఒక ప్రాజెక్టు, పండగ స్టాకు ఎప్పుడు ఎంత దింపుకోవాలో ఇంకో ప్రాజెక్టు.

"వ్యాపారస్తులు లెక్కలు చూపించరండీ" అంటారు. నిజమే, అన్నీ చూపించరు. పేరు రాయం, మొత్తాలు రాయం, రోజులూ శాతాలే రాస్తాం అంటే చూపించేవాళ్లు ఉన్నారు. లెక్చరర్ ఒక్కసారి వెంట వచ్చి పరిచయం చేస్తే ఇంకా తేలిక. యార్డులో కమీషన్ షాపుల వాళ్ల పిల్లలే ఎంతోమంది ఎంబీఏ చదువుతున్నారు, వాళ్ల నుంచే మొదలెట్టొచ్చు.

కాలేజీల వాళ్లని నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. లెటర్‌హెడ్ లేకపోయినా షాపు ఓనర్ సంతకం, ఫోన్ నంబరు ఉంటే ఒప్పుకోండి. నూరు పేజీలు అక్కర్లేదు, పిల్లలు సొంతంగా సేకరించిన లెక్కలతో ముప్పై పేజీలు చాలు. వైవాలో ఒక్కొక్కరికి పావుగంట ఇచ్చి, బోర్డు మీద ఒక్క లెక్క చేయించండి. అమ్మానాన్నలు కూడా ఒక మాట అడగాలి: "ప్రాజెక్టు కోసం ఎక్కడికి వెళ్లావు, ఎవరితో మాట్లాడావు?" దానికి ఇంగ్లీషు రానక్కర్లేదు.

ఈసారి ఫైనల్ ఇయర్‌లో ఉన్నవాళ్లు ఇప్పుడే టాపిక్ అనుకోండి. యార్డులో కొత్త సరుకు జోరు ఫిబ్రవరి నుంచి మే దాకా, తర్వాత వేసవి సెలవులు ఇచ్చేస్తారు. పొద్దున్నే వెళ్లండి, వేలం అయ్యాక ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు. ఏసీ అద్దెలు, బాండ్లు, లోన్ల లెక్క అర్థం కాకపోతే కింద కామెంట్ పెట్టండి, ఆదివారాలు కూర్చుని చెప్తాను. ఫీజేం వద్దు.