అస్లాన్ జూలు పట్టుకుని నడిచిన పిల్ల

బ్రిటిష్ రచయిత సి.ఎస్. లూయిస్ క్రైస్తవ మతవాదనలు నాకు మింగుడుపడవు. ఆయన కథలంటే మాత్రం ప్రాణం. రెండూ ఎలా కుదురుతాయని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఒక రాత్రి.

1950లో వచ్చిన 'ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్'లో అస్లాన్ అనే సింహం, తోబుట్టువులకు ద్రోహం చేసిన ఎడ్మండ్ అనే కుర్రాడి బదులు తాను చావడానికి ఒప్పుకుంటాడు. ఆ రాత్రి నడుస్తూ నడుస్తూ, దిగులుగా ఉందని, తన జూలు మీద చేతులు వేసి నడవమని ఎడ్మండ్ అక్క సూజన్‌ను, చెల్లెలు లూసీని అడుగుతాడు. అతన్ని చంపి అందరూ వెళ్లిపోయాక చిన్న చిన్న ఎలుకలు వచ్చి కట్టిన తాళ్లను కొరకడం మొదలుపెడతాయి. అతను చనిపోయాడని వాటికి తెలియదు. కట్లు తెంపితే ఏదో మేలు జరుగుతుందని వాటి ఆశ.

ఒకరి తప్పు ఇంకొకరి ప్రాణంతో తీరిపోతుందంటే నేను నమ్మను. అయినా ఆ ఎలుకల దగ్గరికొచ్చేసరికి గొంతు పూడుకుపోతుంది. సిద్ధాంతం పక్కనపెట్టి కథ చదువుకోమని కొందరు సలహా ఇస్తారు. అది కుదిరే పని కాదు. మన పాపాల కోసం ఏసు సిలువ మీద చనిపోయాడన్న నమ్మకం లేకపోతే ఆ రాత్రి లేదు, ఆ ఎలుకలూ లేవు. నేను ఒప్పుకోని నమ్మకంలోంచే నాకు ప్రాణమైన పేజీ పుట్టింది.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో లూయిస్ బీబీసీ రేడియోలో చేసిన ప్రసంగాలే 1952లో 'మియర్ క్రిస్టియానిటీ' అయ్యాయి. ఏసు తాను దేవుణ్ణన్నాడు కాబట్టి పిచ్చివాడైనా అయ్యుండాలి, దుర్మార్గుడైనా అయ్యుండాలి, లేదా నిజంగా దేవుడే అయ్యుండాలి, అంతేగానీ గొప్ప బోధకుడు మాత్రమే అనకూడదంటాడు అందులో. వినడానికి బిగువుగానే ఉంటుంది. కానీ సువార్తలు ఏసు పోయిన కొన్ని దశాబ్దాలకు రాసినవి. ఆ మాటలు శిష్యుల భక్తిలో పెరిగి ఉండొచ్చన్న అనుమానానికి ఆ వాదనలో చోటే లేదు.

కథల్లో ఆయన చెయ్యి ఇంత బిగుసుకోదు. అస్లాన్ కథల వరుసలో చివరిదైన 'ద లాస్ట్ బ్యాటిల్' (1956)లో టాష్ అనే వేరే దేవుణ్ణి జీవితాంతం కొలిచిన ఎమెత్ అనే సైనికుణ్ణి అస్లాన్ అక్కున చేర్చుకుంటాడు. (ఆ పూజంతా తనకే చెందుతుందని అస్లాన్ అనడం నాకు నచ్చదు, అది వేరే సంగతి.) అదే పుస్తకంలో లిప్‌స్టిక్, నైలాన్ మేజోళ్లు, పార్టీల పిలుపుల మోజులో పడిందని సూజన్‌ను అస్లాన్ లోకానికి బయటే వదిలేశాడు లూయిస్. రైలు ప్రమాదంలో అమ్మానాన్నలు, తోబుట్టువులు అందరూ పోయి ఆమె ఒక్కతే మిగిలింది. ఆ దుఃఖం గురించి ఒక్క వాక్యం కూడా లేదు. అస్లాన్ జూలు పట్టుకుని నడిచిన పిల్ల! ఇక్కడ బోధకుడు కథకుడి నోరు నొక్కేశాడనే నా కోపం.

అదే ఏడాది వచ్చిన 'టిల్ వుయ్ హావ్ ఫేసెస్'లో మాత్రం కథకుడే గెలిచాడు. ఒరూవల్ అనే రాణి, తన చెల్లెలు సైకీని లాక్కున్నారని దేవతల మీద ఫిర్యాదు రాస్తుంది. నాస్తికులు కూడా అంత గట్టిగా రాయలేరు. ఎక్కడా దాన్ని పలచన చేయలేదు లూయిస్. రెండో భాగంలో ఆమె మెత్తబడుతుంది, ఆయన నమ్మకం అటే నడిపిస్తుంది. నేను మాత్రం ప్రతిసారీ మొదటి భాగం చివర, దేవతల దగ్గర జవాబు లేదని ఆమె తేల్చే చోట, పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుంటాను.