ఉప్పునీటికి ఏ జెండా ఎగరేస్తారు?

తుఫాన్లను తట్టుకోవడం గురించి మాటొస్తే బంగ్లాదేశ్ లెక్క చెప్పని వాళ్లుండరు. 1970 భోలా తుఫానులో కనీసం 3 లక్షల మంది పోయారు. 1991లో దాదాపు 1.38 లక్షలు. 2007లో సిడర్ వచ్చేసరికి ఆ సంఖ్య 3,400 దరిదాపుల్లో ఆగింది. గొప్పే, కాదనలేం. గాలి ముదిరేకొద్దీ వాలంటీర్లు ఒకటి, రెండు, మూడు జెండాలు ఎగరేసి, మెగాఫోన్ పట్టుకుని ఊరంతా తిరుగుతారు. రోజూ పిల్లలు చదువుకునే బడే ఆ రాత్రికి షెల్టర్. అలాంటి హెచ్చరిక ఊరూరికీ చేరకపోతే ఏమవుతుందో 1977 నవంబరు 19న దివిసీమలో మనం చూశాం.

తుఫాను పోతుంది గానీ ఉప్పు పోదు. 2009లో ఐలా తుఫాను దెబ్బకి బంగ్లాదేశ్ తీరంలోని ఖుల్నా, సాత్‌ఖీరా జిల్లాల్లో కట్టలు తెగాయి. కొన్ని ఊళ్లలోకి దాదాపు రెండేళ్లు పోటునీళ్లు వచ్చిపోతూనే ఉన్నాయి. అక్కడ వానాకాలంలో కుండల్లో పట్టుకున్న నీళ్లు ఎండలు ముదిరేలోపే అడుగంటుతాయి. ఆ తర్వాత ఆడవాళ్లు బిందె చంకన పెట్టుకుని మంచినీటి చెరువు వెతుక్కుంటూ నడవాల్సిందే. దగ్గర్లో బోరున్నా లాభం లేదు. ఆ నీళ్లతో సబ్బు నురగ రాదు.

ఖుల్నా జిల్లాలోని దాకోప్‌లో గర్భిణుల మీద చేసిన అధ్యయనం చూస్తే, ఎండాకాలంలో తాగే నీళ్లతోనే రోజుకు 5 నుంచి 16 గ్రాముల సోడియం ఒంట్లోకి పోతోందని అంచనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ తిండీ నీళ్లూ అన్నీ కలిపి పెట్టిన హద్దే 2 గ్రాములు! ఆసుపత్రికి వచ్చిన గర్భిణుల్లో వానాకాలంలో 5 శాతం మందికి బీపీ ఉంటే, ఎండాకాలంలో 12 శాతం మందికి ఉంది. ‘ఉప్పు తగ్గించమ్మా’ అని డాక్టర్ చెబితే ఆమె ఎందులోంచి తగ్గించాలి?

నేరమంతా సముద్రం మీదికి నెట్టేయడం నాకు నచ్చదు. 1975లో మన పశ్చిమ బెంగాల్లో గంగ మీద ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక ఎండాకాలంలో కిందికి దిగే గంగ తగ్గి, సముద్రపు ఉప్పు పైకి ఎగదన్నింది. తర్వాత రొయ్యల కోసం కట్టలకు తూములు పెట్టి ఉప్పునీళ్లను చేతులారా లోపలికి రానిచ్చారు. రొయ్యల చెరువు పక్కన వరి చేనున్న మన కోస్తా రైతుకు ఈ గొడవ విడమరచి చెప్పక్కర్లేదు. ‘వాతావరణ మార్పు’ అనేస్తే మాత్రం ఎవరి మీదా కేసు పెట్టక్కర్లేదు.

నలుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకీ మనిషికి 5 లీటర్లనుకున్నా, ఆరు నెలలకు 3,600 లీటర్ల వాననీళ్లు దాచుకోవాలి. కుండలతో అయ్యే పని కాదు, ఇంటింటికీ ట్యాంకు కావాలి. షెల్టర్ కడితే శిలాఫలకం వేసుకోవచ్చు, పెరట్లో ట్యాంకుకి ఎవరు వేస్తారు?