డిపాజిట్‌కు సభ్యులు, ఓటుకు పరాయివాళ్లు

సెప్టెంబరు వచ్చిందంటే బెంగళూరులో సహకార సొసైటీల సర్వసభ్య సమావేశాల హడావుడి. 'ఈ సంస్థకు మీరే యజమానులు' అని వేదికపై ప్రసంగాలు దంచుతారు. హాల్లోకి పిలుపే లేని డిపాజిటర్ల మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

ఎంత వాటా ఉన్నా మనిషికి ఒకే ఓటు. కంపెనీకీ సహకార సంఘానికీ ఉన్న అసలు తేడా ఇదే. ఆ ఓటునే కొన్ని సొసైటీలు ఎగ్గొడుతున్నాయి. మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో ఉండే తెలుగు కుటుంబం వడ్డీ ఒకటి రెండు శాతం ఎక్కువని ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు వెళ్తే, ఫారం మీద సంతకం పెట్టించుకుని 'నామమాత్రపు సభ్యుడు' అని రాసుకుంటారు. ఓటుండదు, లాభంలో వాటా ఉండదు. బయటివాళ్ల డబ్బు తీసుకుంటున్నారేమని అడిగితే 'ఆయన మా సభ్యుడే' అంటారు. ఆ సభ్యుడే వచ్చి లెక్కలు చూపించమంటే 'మీకు ఆ హక్కు లేదు' అంటారు. ఇదెక్కడి న్యాయం?

ఇలా డిపాజిట్లు తీసుకోవడం బ్యాంకింగ్ చేయడంతో సమానమేనని, అది చట్టవిరుద్ధమని రిజర్వు బ్యాంకు 2021 నవంబరులోనే హెచ్చరించింది. పేరులో 'బ్యాంకు' తగిలించుకోవడాన్నీ తప్పుపట్టింది. ఈ సొసైటీల్లో డిపాజిట్లకు బీమా లేదనీ చెప్పింది. 2020 జనవరిలో బసవనగుడిలోని ఒక సహకార బ్యాంకుపై ఆంక్షలు పడి, ఖాతాదారులు 35 వేలకు మించి తీసుకోవద్దన్నప్పుడు నగరం అల్లాడిపోయింది. అది లైసెన్సున్న బ్యాంకు కాబట్టి కనీసం బీమా అన్న ధైర్యం ఉంది: అప్పటికి లక్ష దాకా, ఆ ఫిబ్రవరి నుంచి 5 లక్షల దాకా. సొసైటీ మునిగితే అదీ లేదు.

అన్ని సొసైటీలూ ఇంతే అనలేం. 1905లో గదగ్ దగ్గరి కణగినహాళలో మొదలైన పరపతి సంఘాల ఉద్యమం బ్యాంకులు గడప తొక్కనివ్వని ఎందరినో వడ్డీ వ్యాపారుల నుంచి కాపాడింది, నిజమే. ఆ మంచిపేరునే కదా వీళ్లు అమ్ముకుంటున్నది! డబ్బు తీసుకునేటప్పుడు సభ్యుడైతే, జవాబు చెప్పేటప్పుడూ సభ్యుడే కావాలి. లేదంటే ఆ డబ్బు ముట్టుకోకూడదు.

ఓటున్న సభ్యులెందరు, లేనివారెందరు, ఎవరి డిపాజిట్ ఎంత, బీమా ఉందా లేదా అన్నది ప్రతి బ్రాంచి గోడ మీద రాయించడానికి సహకార శాఖకు ముహూర్తం కావాలా? బ్రాంచి ప్రారంభానికి వచ్చి శాలువాలు కప్పించుకునే నేతలు ముందు ఆ గోడ ఖాళీగా ఎందుకుందో అడగాలి. షట్టరు పడ్డాక పరామర్శకు వచ్చి ఫొటోలు దిగితే జనం ఊరుకోరు.