స్వాట్ చార్టు వేశాం, సరుకు దింపుకోండి

బిజినెస్ కళాశాలలు ప్రపంచ వాణిజ్యానికి చేస్తున్న సేవను లోకం సరిగా గుర్తించడం లేదని నాకు చాలాకాలంగా బాధ. ఎక్కడో పరాయి దేశంలో ఓ చిన్న ఫ్యాక్టరీ యజమాని ఉంటాడు. పంపులు లీకు కాకుండా ఆపే మెకానికల్ సీళ్లు తయారు చేసుకుంటూ బతుకుతుంటాడు. వాటిని ఇంకో దేశంలో కూడా అమ్మితే బాగుండునని ఆశ. పెద్ద కన్సల్టెన్సీని పెట్టుకునే స్తోమత లేదు. సరిగ్గా అప్పుడే ఆ దేశపు విశ్వవిద్యాలయం నుంచి ఈమెయిలు దిగుతుంది. మా విద్యార్థులు అయిదుగురు ఒక సెమిస్టరంతా మీకోసం ఉచితంగా పనిచేస్తారు, మీరు ఇవ్వాల్సిందల్లా రెండు వీడియో కాల్స్, ఒక లోగో. లోగో ఎందుకంటే, కాలేజీ బ్రోషర్లో 'మా అంతర్జాతీయ భాగస్వాములు' అన్న పేజీ బోసిగా ఉంది.

యజమాని అడిగేవి మూడే ప్రశ్నలు. నా సరుకు మీ దేశంలో దిగితే సుంకం ఎంత? దిగుమతిదారుగా కాగితాల మీద ఎవరి పేరుండాలి? తీసుకుని అమ్మిపెట్టే డిస్ట్రిబ్యూటరు ఎవరైనా ఉన్నారా?

సెమిస్టరు చివర అతని చేతికొచ్చేది స్వాట్ చార్టు.

ఈ చార్టు దగ్గర కాసేపు ఆగకుండా ముందుకు పోలేను. నాలుగు గళ్లు, నాలుగు రంగులు. బలహీనతల గడిలో మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే: 'కొత్త మార్కెట్లో బ్రాండుకు గుర్తింపు లేదు.' లేదు కనకనే కదయ్యా నీ దగ్గరికొచ్చాడు! అవకాశాల గడిలో 'మార్కెట్ చాలా పెద్దది.' ముప్పుల గడిలో 'పోటీ ఉంది, ప్రభుత్వ విధానాలు మారవచ్చు.' బలాల గడిలో 'నాణ్యత'. ఆ నాణ్యత సంగతి ఎలా తెలిసింది అంటే, కంపెనీ వెబ్‌సైట్లో యజమానే రాసుకున్నాడు. అతను రాసుకున్నది అతనికే రంగులు వేసి చూపించడాన్ని పరిశోధన అంటారు. కంపెనీ పేరు చెరిపి ఇంకో కంపెనీ పేరు పెట్టండి, ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ఆ సౌకర్యం విద్యార్థులకీ తెలుసు. కిందటి సెమిస్టరు కంపెనీ పేరు ఏదో ఒక స్లైడు మూల చెరపడం మర్చిపోయి ఉంటుంది, వెతకండి.

స్వాట్ వెనకాల రాజకీయం, ఆర్థికం, చట్టం వగైరా బయటి పరిస్థితుల జాబితా పెస్టెల్, దాని వెనక పాత సరుకా కొత్తదా, పాత మార్కెట్టా కొత్తదా అని చూసే 1957 నాటి ఆన్సాఫ్ గళ్లు, ఆ వెనక 1979లో హార్వర్డ్ ఆచార్యుడు మైకేల్ పోర్టర్ ఓ వ్యాసంలో చెప్పిన, పోటీదారులు, కొనేవాళ్లు, సరఫరాదారులు వంటి అయిదు శక్తులు. పోర్టర్ ఆ వ్యాసం రాసింది ఒక పరిశ్రమలో లాభం ఎవరి జేబులోకి పోతోందో పట్టుకోవడానికి. మన బృందం అయిదు శక్తుల పక్కనా 'మధ్యస్థం' అని రాసి చేతులు దులుపుకుంటుంది. ఇక మొత్తం మార్కెట్ ఎంత, అందులో మనకు అందేదెంత, చేతికి చిక్కేదెంత అని చెప్పే టామ్, సామ్, సోమ్ లెక్కలున్నాయి. మొత్తం మార్కెట్లో 'కేవలం ఒక్క శాతం' పట్టుకున్నా చాలట. ఆలూ లేదు చూలూ లేదు, అయిదేళ్ల లాభాల గ్రాఫు మాత్రం కుడివైపు ఆకాశంలోకి పోతూ ఉంటుంది. ఆ ఒక్క శాతంలో మొదటి కొనుగోలుదారు ఎవరని మాత్రం అడక్కూడదు.

సర్వే లేకపోతే ప్రాజెక్టు కాదు కాబట్టి గూగుల్ ఫారం ఉంటుంది. ఫ్యాక్టరీల పంపు సీళ్ల గురించి హాస్టల్ మిత్రులను అడుగుతారు. 'మీరు ఈ సీలు కొనే అవకాశం ఎంత? ఒకటి నుంచి అయిదు.' పంపు ఎలా ఉంటుందో చూడని పిల్లలు స్నేహధర్మంగా నాలుగు వేస్తారు. ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరునో కొనుగోళ్ల మేనేజరునో అడగొచ్చు గానీ, వాళ్లు వాట్సాప్ గ్రూపులో లేరు.

చివరి ప్రెజెంటేషన్ మాత్రం కన్నులపండుగ. ఇక్కడ మధ్యాహ్నం, యజమాని దేశంలో అర్ధరాత్రి. అతను చొక్కా మార్చుకుని, ఇంట్లో వాళ్లు లేవకుండా గొంతు తగ్గించి కూర్చున్నాడు. 'సార్, స్క్రీన్ కనిపిస్తోందా?' కనిపిస్తోంది. 'ఇప్పుడు?' ఇప్పుడు పోయింది. అలా కొంతసేపు గడిచాక దేశదేశాల స్వభావాన్ని అంకెల్లో పెట్టిన హాఫ్‌స్టెడ్ గారి సాంస్కృతిక కొలతలు ప్రత్యక్షం. ఓ కుర్రాడు గొంతు సవరించుకుని, 'సార్, మీ దేశస్తులకు అనిశ్చితి అంటే భయం ఎక్కువ' అని వివరిస్తాడు. ఆ దేశస్తుడికే. ఈ కొలతలకు మూలం 1967-73 మధ్య ఐబీఎం ఉద్యోగులు నింపిన ప్రశ్నావళి. యజమాని అప్పటికి పుట్టి ఉండడు, ఐబీఎం గేటు తొక్కి ఉండడు. అయినా తన జాతి స్వభావం ఏమిటో పెద్దమనిషిలా శ్రద్ధగా విన్నాడు. విని, హెచ్ఎస్ కోడ్ ఏమిటి బాబూ అన్నాడు.

మౌనం. నాయకుడు చాట్ వైపు చూశాడు. చాట్‌లో ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. 'చాలా మంచి ప్రశ్న సార్. అది ఫ్యూచర్ స్కోప్‌లో ఉంది.'

హెచ్ఎస్ కోడ్ అంటే కస్టమ్స్ వాళ్లు ఒక్కో రకం సరుకుకు ఇచ్చే నంబరు, దేవరహస్యం కాదు. ప్రపంచ కస్టమ్స్ సంస్థ పట్టిక 1988 నుంచి అమల్లో ఉంది. ఆరు అంకెల వరకూ దాన్ని వాడే దేశాలన్నిటికీ ఒకటే, ఆపై అంకెలు ఏ దేశానికా దేశం చేర్చుకుంటుంది. మెకానికల్ సీళ్లు 8484.20. ఆ ఆరంకెలు ఐక్యరాజ్యసమితి వాణిజ్య గణాంకాల నిధి కామ్‌ట్రేడ్‌లో కొడితే ఏ దేశం ఎక్కణ్ణుంచి ఎంత విలువ సరుకు దింపుకుంటోందో వస్తుంది. ఆ దేశపు సుంకాల పట్టిక తెరిస్తే మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఒక పూట పని. కానీ ఆ పూటకు మార్కులు లేవు.

యజమాని ఇంకా ఆశ వదలలేదు. 'డెలివరీ షరతు డీడీపీ అని పెట్టారు. అంటే మీ దేశంలో కస్టమ్స్ క్లియరెన్సు, సుంకం, పన్ను అన్నీ నా నెత్తినే కదా? నాకక్కడ రిజిస్ట్రేషనే లేదే?' ఖర్చూ బాధ్యతా అమ్మేవాడికెంత, కొనేవాడికెంత అని పంచే అంతర్జాతీయ నియమాలు ఇన్‌కోటర్మ్స్ 2020లో ఉన్నవి 11 షరతులు. అందులో అమ్మేవాడి మీద అన్నిటికంటే ఎక్కువ బరువు వేసేది ఏరి అతని చేతిలో పెట్టారు. కారణం కూడా స్లైడు మీదే ఉంది: 'గరిష్ఠ కస్టమర్ సంతృప్తి.' ఆచార్యులవారు చప్పున కలగజేసుకుని, ఇలాంటి సంవాదమే మా కోర్సు లక్ష్యం అని ఆనందించి, అందరూ కెమెరాలు ఆన్ చేసి నవ్వండి అన్నారు. స్క్రీన్‌షాట్ తీశారు. యజమాని కూడా నవ్వాడు పాపం.

ఏమన్నా అంటే, కొత్త మార్కెట్లో మహామహులే దెబ్బతిన్నారండీ అంటారు. నిజమే. వాల్‌మార్ట్ 1997లో జర్మనీ వెళ్లి 2006లో తిరుగుముఖం పట్టింది. మరో అమెరికా దుకాణాల సంస్థ టార్గెట్ 2013లో కెనడాలో దిగి, 133 దుకాణాల దాకా తెరిచి, 2015లో అన్నీ మూసేసింది. వాళ్లకు పోగొట్టుకోవడానికి ఉంది. ఈయనకు ఒక్క కంటైనరు రేవులో ఇరుక్కుంటే రోజురోజుకీ పెరిగే ఆలస్యపు రుసుము, అదే డెమరేజీకే ఆ ఏడాది లాభం సరి.

పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్లు మార్కులు ఎక్కడుంటే అక్కడ తవ్వుతారు. అయిదుగురిలో ఒకమ్మాయి ఉంటుంది, తరచూ యజమాని దేశం నుంచే చదువుకు వచ్చిన పిల్ల. రెండు భాషలూ వచ్చు. ఎవరూ చెప్పకుండానే డిస్ట్రిబ్యూటర్ల నంబర్లు వెతికి ఫోన్లు చేస్తుంది. తిట్లు తింటుంది, మళ్లీ చేస్తుంది. ఇక్కడ స్టాకు పెట్టనిదే ఎవరూ ముట్టుకోరని, మెటీరియల్ సర్టిఫికెట్ లేకపోతే మాట్లాడనే మాట్లాడరని, అరువు ఎన్నాళ్లివ్వాలో కూడా రాబట్టి రెండు పేజీలు రాస్తుంది. మొత్తం రిపోర్టులో డబ్బు విలువ చేసేవి ఆ రెండు పేజీలే. వాటిని అనుబంధంలోకి నెట్టి, పక్కన 'సిద్ధాంత అన్వయం బలహీనం, ఫోన్ సంభాషణలు అకడమిక్ ఆధారాలు కావు' అని రాసి మార్కులు కోస్తారు. కొయ్యడానికి చేతులెలా వచ్చాయి? విదేశీ విద్యార్థిని అని ఆ పిల్ల దగ్గర ఎక్కువ ఫీజు గుంజారు. ఆ ఫీజు కట్టించుకుని ఆమె చేత ఊరికే చాకిరీ చేయించారు. అటు యజమానికి ఉచితం అని చెప్పి అతని కాలాన్నీ ఆశనూ తినేశారు. ఇద్దరి మధ్యా బ్రోషర్ నింపుకున్నారు. దీనికి 'అనుభవపూర్వక విద్య' అని పేరు పెట్టి ర్యాంకింగుల వాళ్లకు పంపుతారా? పనిచేసిన ఒక్క మనిషిని శిక్షించే బడికి ప్రపంచ వాణిజ్యం గురించి నోరెత్తే అర్హత ఏముంది?

పరీక్ష ఇలా పెట్టండి. స్లైడ్లు లేవు. బృందంలో ఒక్కొక్కరూ పరీక్షకుల ఎదుట, స్పీకర్ ఆన్ చేసి, ఓ డిస్ట్రిబ్యూటరుకు ఫోన్ చెయ్యాలి. అవతలివాడు వద్దంటే ఎందుకు వద్దన్నాడో ఒక్క పేజీలో రాసి అదే రోజు యజమానికి పంపాలి. మార్కులు వేసేది యజమాని. మొదటి ఫోన్ ఆచార్యులవారు చేసి చూపించాలి. నంబరు ఆ అమ్మాయి అనుబంధంలో ఉంది.